వరద మోసుకొచ్చిన కొండపిట్ట

మొన్న వానాకాలం మొదట్లో మా చర్చి ఆడవాళ్ళం పాతికమందిమి బస్సు మాట్లాడుకుని మారేడుమిల్లి కొండలు చూడ్డానికి వెళ్ళేం. సాయంత్రం కావస్తోంది. వాగు పక్కన రాళ్ళ మీద కూచుని పులిహోర పొట్లాలు విప్పుకుంటుంటే వెనక వెదురు పొదల్లోంచి ఒక పిట్ట కూసింది. కూసింది అనకూడదు, పాడింది. ముందు రెండు ముక్కలు మెత్తగా, గొంతు సవరించుకున్నట్టు. తరవాత ఒక్కసారిగా పైకి లేచి, వంపులు తిరిగి, జారి, మళ్ళీ మొదటికొచ్చి, ఈసారి ఇంకో రకంగా.

"అబ్బ! ఎంత హాయిగా ఉందండీ" అంది నా పక్కావిడ.

నా చేతిలో పొట్లం కింద పడిపోయింది. ఒళ్ళంతా చెమట పట్టింది. "ఏవండీ, బీపీ మాత్ర వేసుకున్నారా పొద్దున్న?" అంటూ ఆవిడ నా వీపు రాస్తోంది. మాకు దారి చూపించడానికి వచ్చిన కొండమనిషి ఒకాయన, "పొదనలంచి అమ్మా అది. చిన్న పిట్టే. నల్లగా, పొడుగు తోకేసుకుని ఉంటాది. ఈ కొండల్లోనే గాని కింద మీ కోనసీమలో ఉండదు" అన్నాడు.

"ఒకసారి వచ్చింది" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అది వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

అమ్మా నాన్నా ఇద్దరూ మెట్ట ప్రాంతంలో బడిపంతుళ్ళు. ఏడాదికో ఊరు మారుతుంటే నా చదువు పాడవుతుందని, రాజోలు దిగువన ఏటిగట్టుని ఆనుకుని ఉన్న అమ్మమ్మ గారి ఊళ్ళో ఉంచేరు నన్ను. ఇంట్లో ముగ్గురమే. అమ్మమ్మ, మావయ్య, నేను.

గట్టు పక్క ఊళ్ళో బతకని వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మామూలు రోజుల్లో ఏరు ఎక్కడో కింద, ఇసక తిన్నెలవతల ఉంటుంది. వరదొస్తే మాత్రం ఏట్లో నీళ్ళు మా ఇంటి చూరు కన్నా ఎత్తున పారతాయి. మధ్యన మట్టిగట్టు ఒక్కటే అడ్డం. అరుగు మీద కూచుంటే నీళ్ళు కనపడవు. చప్పుడు మాత్రం తలకి పైన ఎక్కడో వినపడుతుంది. ఆ చప్పుడు కిందే అన్నం తినాలి, ఎక్కాలు వల్లించాలి, చాప పరుచుకుని పడుకోవాలి. ఆ నెలల్లో నాకు ముద్ద సరిగ్గా దిగేది కాదు.

పెద్దవాళ్ళ మాటలన్నీ ఆ గట్టు చుట్టూనే తిరిగేవి. ఏ ఏడు ఎక్కడ గండి పడింది, ఎవరి పాక ఎటు కొట్టుకుపోయింది, తాటిచెట్టు మొవ్వులో ఎవరు ఎన్ని రోజులు కూచున్నారు. అమ్మమ్మ తన చిన్నప్పుడు పడిన గండి గురించి చెప్పేది. "నీళ్ళు పరిగెత్తుకు రావే అమ్మడూ. నించుని వస్తాయి, గోడలాగ" అనేది చేపలు తోముకుంటూ, మామూలుగా. నేను మాత్రం గట్టు వంక చూసేదాన్ని, అది ఇంకా అక్కడే ఉందో లేదోనని.

భయం ఉన్నచోటే అల్లరీ ఉంటుంది కాబోలు. గట్టు కాపలా లస్కరు గారు వరద రోజుల్లో నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవారు. పుల్ల మునిగితే నీళ్ళు పెరిగినట్టు, పైకి తేలితే తీసినట్టు. ఒకసారి నేను ఎవరూ చూడకుండా ఆ పుల్ల పీకి, జానెడు కిందకి గుచ్చేను. అరగంటలో జానెడు పెరిగిందని ఊరంతా గగ్గోలు. మంచాలూ, మేకలూ, ముసలమ్మలూ గట్టు మీదకెక్కేసేరు. సంగతి బయటపడ్డాక అమ్మమ్మ కొబ్బరి ఈనెలతో నా పిక్కలు వాచేలా కొట్టింది. "నీటితో ఆటలా? ఇంకోసారి గట్టెక్కేవంటే కాళ్ళు విరిచి పొయ్యిలో పెడతాను" అంది. అమ్మమ్మ అన్నమాట తప్పే మనిషి కాదు.

మావయ్య మాత్రం నన్ను ఎప్పుడూ కొట్టలేదు. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్ళు. కొబ్బరికాయ ఒలుపు పనికి వెళ్ళేవాడు. నేలలో పాతిన గునపం మీద కాయని రెండు పోట్లు పొడిచేసరికి పీచంతా విడిపోయేది. అరచేతులు చెక్కలాగ గరుగ్గా ఉండేవి. ఆ చేతుల్తోనే పొద్దున్నే నాకు జడ వేసేవాడు, అమ్మమ్మకి చూపు ఆనక. గల్ఫు వెళ్ళడానికి పాస్‌పోర్టు చేయించుకుని, బొంబాయి నుంచి ఏజెంటు కబురు కోసం చూస్తున్నాడు. ప్రయాణానికని తెల్లచొక్కా ఒకటి కుట్టించుకుని, మడత నలగకుండా రేకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచుకున్నాడు. అమ్మమ్మ ఆ పెట్టె వంక చూసేది కాదు.

ఆ ఏడు ఎర్రనీళ్ళు తొందరగా వచ్చేయి. గోదారి ఎర్రబడితే ఊరి వాసనే మారిపోతుంది. పీచు నానబెట్టిన గోతుల కుళ్ళు వాసనా, కొబ్బరిచిప్పల పొగా అన్నీ అణిగిపోయి, ఎక్కడి కొండలదో తడిమట్టి వాసన ఇంట్లోకి వచ్చేస్తుంది. మావయ్య స్నేహితుడొకాయన వల వేసేవాడు. ఆయన ఇచ్చిన చిన్న పులస ముక్కలు తెచ్చి అమ్మమ్మ మట్టిదాకలో పులుసు పెట్టింది. పులస పులుసు మర్నాటికి గాని రుచికి రాదు. మూత తియ్యొద్దంది. నేను తీసేను, వేలు ముంచి నాకేను, పిల్లి మీదకి తోసేను. ఆ మర్నాడు అందరం కూచుని తింటుంటే రేడియోలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేసేరని చెప్పేరు. మావయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

నాలుగు రోజులు పోయేయి. నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. పాములు గట్టు దిగి ఇళ్ళలోకి రావడం మొదలెట్టేయి. చాప దులపకుండా పడుకోవద్దన్నారు. నూతిలో నీళ్ళు చేత్తో ముంచుకునేంత పైకొచ్చేసి, ఎర్రగా ఉన్నాయి. "భూమిలోంచి కూడా వచ్చేస్తోంది" అంది అమ్మమ్మ మెల్లిగా. నేను వినలేదనుకుంది.

ఆ రోజు పొద్దున్న వాన తెరిపిచ్చింది. ఎగువన ఒకచోట గట్టులోంచి నీరు ఊరుతోందని మగవాళ్ళందరూ ఇసక బస్తాలు వెయ్యడానికి పోయేరు. మావయ్య కూడా వాళ్ళతో పోయి, చద్దన్నం తినడానికి ఇంటికొచ్చి, ఖాళీ గోనెసంచులు భుజాన వేసుకుని మళ్ళీ బయల్దేరేడు. అమ్మమ్మ దొడ్లో పొయ్యి రాజేస్తోంది. నేను పిల్లిలాగ మావయ్య వెనకాల గట్టెక్కేసేను.

"అమ్మ చూసిందంటే నిన్నూ నన్నూ కలిపి తంతాది" అన్నాడు. దిగమనలేదు గాని నా రెక్క గట్టిగా పట్టుకున్నాడు.

ఎదటి గట్టు కనపడలేదు. ఆకాశం దాకా ఎర్రటి నీళ్ళే, మరుగుతున్నట్టు. గడ్డివాములు, పాకల కప్పులు, ఉబ్బిన గొడ్డు ఒకటి, సొరపాదు ఒకటి కాయలతో సహా పోతున్నాయి. అప్పుడు వినపడింది ఆ పాట.

గట్టు కోసుకుపోకుండా ఏట్లోకి రాళ్ళు పోసి కట్టిన కట్టు ఒకటి ఉండేది మాకు. దాని చివర ఒక మహావృక్షం వేళ్ళతో సహా వచ్చి చిక్కుకుంది. మా వైపు అలాంటి చెట్టు లేదు. దాని కొమ్మ మీద కూచుని ఉంది పిట్ట. గుప్పెడంత ఉంటుంది. వీపు నిగనిగలాడే నలుపు, పొట్ట ఇటికరంగు, తోక మొదట్లో తెల్లటి మచ్చ, తోక ఒంటికన్నా పొడుగు. చుట్టూ ఏరు అలా విరుచుకుపడుతుంటే అది తోక కిందికీ పైకీ ఆడిస్తూ పాడుతోంది. దాని జత ఇంకోటి, కాస్త వెలిసిన రంగుది, గట్టు మీదకి వచ్చి, పురుగుని పట్టుకుని, తిరిగి చెట్టు దగ్గరకి ఎగిరి, మానులో ఉన్న తొర్రలో దూరింది. బయటికొచ్చినప్పుడు దాని నోట్లో పురుగు లేదు.

అంత దూరం నుంచి పిల్లల వెంటే వచ్చేయా, దారిలో ఇంకెక్కడో ఆగి వచ్చేయా అంటే నేను చెప్పలేను. చూసినంత మట్టుకే చెబుతున్నాను.

"మావయ్యా, తొర్రలో పిల్లలున్నాయి. తెచ్చిపెట్టవా?"

"తెచ్చి?"

"పెంచుకుంటాను."

"వద్దమ్మా, నీళ్ళు చూడు ఎలా ఉన్నాయో. అవతల గట్టు దగ్గర నా కోసం చూస్తుంటారు."

"చెట్టు మునిగితే చచ్చిపోతాయి కదా!"

రాళ్ళ కట్టు చాటున నీరు కొంచెం నిలకడగా ఉన్నచోట తాటిదోనె ఒకటి కట్టేసి ఉంది. మావయ్య దాని వంక చూసేడు, చెట్టు వంక చూసేడు. అప్పుడన్నాను నేను.

"నీకు భయమా మావయ్యా?"

ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఆ నాలుగు రోజులూ భయపడుతున్నది నేను. ఎవరో ఒకరు భయపడకుండా ఉంటే చూడాలనిపించింది.

ఆయన నవ్వేడు. గోనెసంచులు నా పక్కన పడేసి, "ఇక్కడే కూచో. కదిలేవంటే చూడు" అని దిగేడు. గెడకర్రతో రెండు పోట్లలో చెట్టు దగ్గరకి చేరేడు. దోనెని కొమ్మకి కట్టి, మాను మీదకెక్కి, పాక్కుంటూ వెళ్ళి తొర్రలో చెయ్యి పెట్టేడు. నా వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించేడు. పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు.

అప్పుడు చెట్టు కదిలింది. మెల్లిగా, నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలింది. వేళ్ళు రాళ్ళని వదిలేసేయి. దోనె కొమ్మ కిందకి పోయి, బోర్లాపడి, తాడు తెంపుకుని తనదారిన పోయింది. మావయ్య మానుకి అడ్డంగా పడుకుని పట్టుకున్నాడు. చెట్టు ఒకసారి గుండ్రంగా తిరిగి ఏరు నడిమికి పోయింది. మావయ్య తలెత్తి నా వైపు ఏదో అరిచేడు. నోరు కదలడం కనపడింది గాని మాట వినపడలేదు. తరవాత వంపు దగ్గర చెట్టుకొమ్మలు చీపురుపుల్లలంత కనపడ్డాయి. తరవాత అవీ లేవు.

నేను అరవలేదు. ఎంతసేపు నించున్నానో తెలీదు. నల్లపిట్ట ఒక్కటే రాళ్ళ మీద వాలి, చెట్టున్న చోటికేసి చూస్తూ టక్ టక్ మని తిడుతున్నట్టు అరుస్తోంది. దాని జత లేదు.

ఇంటికొచ్చేను. అమ్మమ్మ ఎసట్లో బియ్యం వేస్తోంది.

"ఎక్కడికెళ్ళేవే?"

"దొడ్లోకి."

"మావయ్య వెళ్ళిపోయేడా?"

"వెళ్ళిపోయేడు."

అన్నం వార్చేక చెబుదామనుకున్నాను. వార్చింది. పొయ్యి ఆర్పేక చెబుదామనుకున్నాను. ఆర్పింది. మొదట్లో ఈనెల దెబ్బలకే భయపడ్డాను. కాసేపయ్యేక, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను అని భయపడ్డాను. ప్రతి నిమిషం ఆ మాటని ఇంకా బరువు చేసేసింది. నా వల్లే వెళ్ళేడు అన్నది అన్నిటికన్నా అడుగున ఉంది. దాన్ని ముట్టుకోవడానికే ధైర్యం లేదు.

మధ్యాహ్నం లస్కరు గారు సైకిలు దిగకుండానే వీధిలోంచి పిలిచేరు. "పిన్నిగారండీ! మీ అబ్బాయి ఇంటికి గాని వచ్చేడాండీ?"

"గట్టు పనిలో మీతోనే ఉన్నాడు కదా?"

"చద్దన్నానికని వచ్చి మళ్ళీ రాలేదండీ." ఆయన సైకిలు దిగేరు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. "దోనె ఒకటి కింద రేవు దగ్గర బోర్లాపడి దొరికిందండీ. రాళ్ళ కట్టు దగ్గర గోనెసంచులున్నాయండీ."

అమ్మమ్మ గుమ్మం పట్టుకుంది. లస్కరు గారు నా వైపు చూసి, "పాపా, నువ్వు గాని చూసేవా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఊరు ఊరంతా మావయ్యని నీటి అడుగున వెతకడం మొదలెట్టింది. దోనె ఎక్కడ దొరికిందో అక్కడే మనిషీ ఉంటాడన్నారు. గెడలు గుచ్చేరు, వలలు లాగేరు. దిగువకి ఒక్కరూ వెళ్ళలేదు. చెట్టు మీద మనిషి బతికి పోతున్నాడని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను అరుగు మీద కూచుని కాలి గోళ్ళలో మట్టి తీసుకుంటున్నాను.

సాయంకాలం మా దొడ్డి వెనక వెదురు పొదలో నల్లపిట్ట పాడింది. ఇల్లంతా ఆడవాళ్ళు. ఏడుపులు ఒక్క క్షణం ఆగిపోయేయి.

"ఏం పిట్టండీ అది? ఇంత బాగా కూస్తోంది" అన్నారెవరో.

"మన వైపు పిట్ట కాదు. ఎవరి కబురో పట్టుకొచ్చింది" అంది పక్కింటి ముసలమ్మ.

నేను చెవులు మూసుకున్నాను. చేతులు తీస్తే పాట, మూసుకుంటే ఏటి చప్పుడు. అది అందరికీ చెప్పేస్తోందనిపించింది. రెండు మెత్తటి ముక్కలు, నిదానంగా, అడుగుతున్నట్టు. తరవాత పైకి లేచి చెప్పేస్తున్నట్టు. ఆ రాత్రంతా నేను చాప మీద కళ్ళు తెరుచుకునే ఉన్నాను.

తెల్లారి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన మొదలెట్టేరు. మధ్యలో అమ్మమ్మ లేచింది. అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు ఆవిడ. గోడ వారనున్న రేకుపెట్టె తెరిచి, కలరా ఉండలు పక్కకి తీసి, ఆ తెల్లచొక్కా బయటికి తీసింది. మడత విప్పి ఒడిలో పరుచుకుంది. "దొరికేక ఇది తొడుగుదాం. వాడికి ఇష్టమైంది" అంది, ఎవరితోనూ కాకుండా.

ఆ చొక్కా చేతులు రెండూ ఆవిడ మోకాళ్ళ మీంచి కిందకి వేలాడుతున్నాయి. నేను చూడలేకపోయేను.

"మావయ్య మునిగిపోలేదు" అన్నాను. ప్రార్థన ఆగిపోయింది. "చెట్టు మీద పోయేడు. పెద్ద చెట్టు. పిట్టపిల్లల కోసం నేనే ఎక్కమన్నాను. నేనే అన్నాను, నీకు భయమా అని."

కొడుతుందనుకున్నాను. తల దించుకుని, పిక్కలు దగ్గర చేర్చుకున్నాను. అమ్మమ్మ దగ్గరికొచ్చి నా గెడ్డం ఎత్తింది.

"ఎటు పోయింది చెట్టు?"

"కిందికి. నడి ఏట్లో."

"వాడు దాని మీద ఉండగా చూసేవా? వంపు తిరిగేదాకా?"

"చూసేను."

ఆవిడ చొక్కా మడత పెట్టింది. మొదటిలాగే, చేతులు వెనక్కి మడిచి. పెట్టెలో పెట్టి మూత వేసింది. చెప్పుల్లేకుండా, నెత్తిన చెంగు లేకుండా గట్టెక్కి, రేవు దాకా పరిగెత్తింది. అంత వయసులో అమ్మమ్మ పరిగెత్తడం నేను చూడ్డం అదే మొదటిసారి. "నీళ్ళల్లో వెతకొద్దండీ! దిగువకి పొండి! చెట్టు మీదున్నాడంట నా కొడుకు!" ఆవిడ కేక ఏటి చప్పుడు దాటి మా ఇంట్లోకి వినపడింది.

లస్కరు గారు గట్టు వెంట సైకిలు తొక్కేరు. ఒక ఊరి లస్కరు ఇంకో ఊరి లస్కరుకి, వాళ్ళు ఆ కింది ఊరికి కబురందించుకున్నారు. పోస్టాఫీసు ఫోను పని చెయ్యలేదు. మా దగ్గర్నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. రోజంతా మా గట్టు మీద ఒకటే మాట. పోటు వేళకి సముద్రం నీటిని వెనక్కి తోస్తుంది, పాటు వేళకి లోపలికి లాక్కుంటుంది, అప్పటికి చెట్టు ఎక్కడుందో. పోటైతే బతికేడు. పాటైతే తీసుకుపోయింది. ఎన్ని గంటలకి పోయేడని నన్ను పదిమంది అడిగేరు. నాకు గంటలు తెలీవు. "అమ్మమ్మ ఎసట్లో బియ్యం వేసినప్పుడు" అన్నాను. పెద్దవాళ్ళు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు. మొహాలు చూస్తే లెక్క ఎటు తేలిందో తెలీలేదు.

నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆడవాళ్ళు నేను వెళ్తుంటే మాట ఆపి దారి ఇచ్చేవారు.

మూడో రోజు మధ్యాహ్నం నావలో తీసుకొచ్చేరు. దిగువన ఒక లంకలో మునిగిన సరుగుడు తోటలో చెట్టు చిక్కుకుందట. లంకలో మిగిలిపోయిన గొడ్ల కోసం వెళ్ళిన నావవాళ్ళకి మా లస్కరు కబురు అందింది కాబట్టి తోటలోకి తొంగి చూసేరట. మంచం మీద మోసుకొస్తుంటే చూసేను. మనిషి ఉబ్బి తెల్లగా పాలిపోయేడు. ఆ చెక్కలాంటి అరచేతుల్లో చర్మం లేదు. అమ్మమ్మ ఆ చేతుల్ని తన మొహానికి ఆనించుకుని, అప్పుడు ఏడ్చింది.

జ్వరం వారం రోజులుంది. ఊళ్ళో ఎవరడిగినా, "కలప మంచిదనిపించి వెళ్ళేనండీ, ఆయ్, బుద్ధి తక్కువ" అనేవాడు. పిట్ట ఊసు ఎత్తలేదు. ఒకరోజు నేను చారన్నం గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళ్తే తనే చెప్పేడు.

"ఆడపిట్ట మొదటి రోజంతా నాతోనే ఉందే. రెండో రోజు పొద్దున్నకి లేదు. అప్పుడు నేనే పెట్టేను వాటికి. చెట్టంతా చీమలు, జెర్రులు, పైకెక్కి కూచున్నాయి. చీమల్ని నలిపి నోట్లో పెట్టేవాణ్ణి. తినేవి."

"తెచ్చేవా?"

మావయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నావ వచ్చేసరికి నా చేతులు పని చెయ్యలేదమ్మా. నన్ను లాగి పడుకోబెట్టేసేరు. పిట్టలున్నాయండీ అన్నాను, వాగుతున్నాననుకున్నారు. తొర్రలోనే ఉండిపోయేయి."

"బతికే ఉన్నాయా అప్పటికి?"

"ఉన్నాయే. నోళ్ళు తెరుస్తున్నాయి."

మూడు రోజులు ఏట్లో ఏడవని మనిషి అప్పుడు ఏడ్చేడు. కాసేపటికి తేరుకుని, కట్లు కట్టిన చెయ్యి నా నెత్తి మీద పెట్టి అన్నాడు. "నేనరిచింది నీకు వినపడబట్టి బతికేను. చెట్టు మీద ఉన్నానని అమ్మతో చెప్పవే అని అరిచేను. చెప్పేవు. నా తల్లివి."

వినపడలేదని చెప్పలేదు నేను. గుమ్మంలో అమ్మమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని నించుంది. అంతా వింది. ఆవిడా చెప్పలేదు.

వెదురు పొదలో నల్లపిట్ట ఇంకో నాలుగైదు రోజులు పాడింది. వరద తీసేక మరి వినపడలేదు.

మావయ్య ఆ తరవాత గోదారి దాటితే కళ్ళు మూసుకునేవాడు. పంటు మీద మనుషుల మధ్యన కింద కూచుని, అవతలి ఒడ్డు తగిలేదాకా కళ్ళు తెరిచేవాడు కాదు. మరుసటి ఏడు గల్ఫు వెళ్ళేడు. "అక్కడ నీళ్ళే లేవు. అదే హాయి" అని రాసేవాడు ఉత్తరాల్లో. సెలవుకి వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, "ఇదిగో, ఈ పిల్ల వెంటనే పరిగెత్తుకెళ్ళి చెప్పబట్టే నేనివాళ ఉన్నానండీ" అనేవాడు. సంగతి తెలిసిన ఊరివాళ్ళెవరూ ఆయన మాట దిద్దలేదు. నాకు గాజులు, చీరలు తెచ్చేవాడు. వాటిని తీసుకుంటుంటే నా చేతులు చల్లబడిపోయేవి.

నర్సింగు ట్రైనింగుకి వెళ్ళే ముందు రోజు ఆ బరువు ఇంక మొయ్యలేక అమ్మమ్మ దగ్గర కూచున్నాను. ఆవిడ నా ప్రయాణానికి కొబ్బరుండలు చుడుతోంది. పాకం వేడికి చేతికి నెయ్యి రాసుకుంటూ చుడుతోంది.

"అమ్మమ్మా, నేను ఆ రోజే చెప్పి ఉంటే మావయ్య ముందే దొరికేవాడు. ఒక రోజంతా నా వల్ల ఏట్లో ఉన్నాడు."

ఉండ చుట్టి పళ్ళెంలో పెట్టింది. ఇంకోటి చుట్టింది.

"నువ్వు గట్టు దిగి వచ్చినప్పుడే తెలుసే నాకు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు దొడ్లోకి వెళ్ళేనన్నావు. దొడ్లో ఉన్నది నేను. వాడు వెళ్ళిపోయేడా అంటే నీ పెదాలు నల్లబడిపోయేయి. వాడికేదో అయిందని, అది నువ్వు చూసేవని అప్పుడే తెలిసిపోయింది."

పొయ్యిలో కొబ్బరిమట్ట చిటపటమంది.

"మరి అడగలేదేం అమ్మమ్మా?"

"అడిగితే చెప్పేస్తావు కదే." ఆవిడ తల ఎత్తలేదు. "నువ్వు చెప్పనంతసేపూ నాకు వాడు బతికే ఉన్నాడు. పక్కన కూచోబెట్టుకుని ఒక్క మాట అడిగితే అయిపోయేది. లస్కరు నిన్నడిగినప్పుడు నీ గుండె ఎంత కొట్టుకుందో, నువ్వు లేదండీ అనాలని నా గుండె అంత కొట్టుకుంది. ఇద్దరం కలిసే ఉంచేం వాణ్ణి ఏట్లో. నువ్వొక్కదానివే మొయ్యకు."

తరవాత పళ్ళెం నా వైపు జరిపి, వేడిగా ఉండగా ఒకటి తినమంది.

ముప్పై అయిదేళ్ళు ఆసుపత్రుల్లో పని చేసేను. వార్డు బయట బల్లల మీద కొందరుంటారు. నర్సు కనపడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుని అడిగేవాళ్ళు కారు. మనం వస్తుంటే తల దించుకుని చెప్పులు చూసుకుంటారు, సంచిలో ఏదో వెతుక్కుంటారు, లేచి మంచినీళ్ళకని వెళ్ళిపోతారు. లోపల ఉన్నది కన్నబిడ్డే అయినా అడగరు. తోటి నర్సులు "వీళ్ళకి పట్టదా?" అని విసుక్కునేవారు. నేను వెళ్ళి అలాంటి వాళ్ళ పక్కన కూచునేదాన్ని. మంచి కబురైనా, కానిదైనా, వాళ్ళు అడిగేదాకా ఎప్పుడూ ఆగలేదు.

ఒక్క మావయ్య దగ్గర మాత్రం ఆ ధైర్యం రాలేదు. ఇప్పుడాయనకి డెబ్భై దాటింది. మొన్న ఆదివారం కూడా కొత్తగా వచ్చిన పాస్టరు గారికి నన్ను చూపించి ఆ కథంతా చెప్పేడు, నేను వెంటనే పరిగెత్తుకెళ్ళినట్టే. పాస్టరు గారు నాకు దణ్ణం పెట్టేరు. నేను ప్రతినమస్కారం పెట్టేను.